కిటికీ వెలుగు చాలని నారు

షికాగో చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో చలికాలం వచ్చిందంటే ఇడ్లీ పిండి ఓవెన్‌లోకి చేరుతుంది. ఓవెన్ వెలిగించరు. లోపలి బల్బు ఒక్కటి వేసి తలుపు మూసేస్తారు. ఆ కాస్త వేడికే తెల్లారేసరికి పిండి పొంగి ఉంటుంది. కొన్నేళ్ళ కిందట ఒక ఫిబ్రవరిలో, బయట మైనస్ 15 డిగ్రీలున్న రాత్రి, ఆ పిండి గిన్నె పక్కనే తులసి గింజలు చల్లిన చిన్న ట్రే కూడా పెట్టాను. వారం తిరక్కుండా మొలిచాయి. సంబరంగా తీసి వంటింటి కిటికీలో పెట్టాను. మరో పది రోజులకు అవి దారాల్లా సాగి, అద్దం వైపు వాలి, ఒక్కొక్కటే పడిపోయాయి. ఇల్లు వెచ్చగానే ఉంది, మట్టి తడిగానే ఉంది. లోటు ఎక్కడుందో అర్థం కావడానికి నాకు ఇంకో చలికాలం పట్టింది.

చలిదేశంలో ఇంటిలోపల నారు పోసేవాళ్ళం అందరం ముందుగా వేడి గురించే బెంగపడతాం. నిజానికి అది సులువుగా తీరే లోటు. తీరనిది వెలుతురు.

గింజ దశలో వెలుతురు కన్నా నీరు, వెచ్చదనం ముఖ్యం. సబ్జా గింజలు నీళ్ళలో వేసినప్పుడు నిమిషాల్లో వాటి చుట్టూ జిగురు గూడు కట్టుకోవడం అందరం చూసిందే. సబ్జా అంటే రుద్రజడ గింజ, తులసికి దగ్గర చుట్టం, ఇటాలియన్ వంటల్లో వేసే బేసిల్ కూడా అదే జాతి. ఆ జిగురు గింజను మట్టికి అంటిపెట్టి, చుట్టూ తడి నిలుపుతుంది. నీరు లోపలికి చేరాక ఎంజైములు పని మొదలుపెట్టి, దాచుకున్న తిండిని పిండానికి అందించాలి. ఆ రసాయన చర్యల వేగం వేడిని బట్టి ఉంటుంది. తులసికీ బేసిల్‌కీ 21 నుంచి 27 డిగ్రీలు హాయి. గదిలో హీటర్ 21 చూపిస్తున్నా ట్రేలో మట్టి అంత వెచ్చగా ఉండదు, తడి ఆరుతూ వేడిని లాక్కుపోతుంది. కుండలో నీళ్ళు చల్లబడేది కూడా ఇలాగే. అందుకే ట్రే మీద మూత, కింద ఒక హీట్ మ్యాట్, లేదా పిండి పులిసే ఆ ఓవెన్ మూల. మొదటి పచ్చచుక్క కనిపించగానే ట్రేను అక్కణ్ణుంచి తీసేయాలి, ఒక్క రోజు ఆలస్యమైనా మొలక సాగడం మొదలుపెడుతుంది.

ఎందుకు సాగుతుంది? పెసలు నానబెట్టి గుడ్డలో మూటగట్టినప్పుడు వచ్చే మొలకలను గుర్తుచేసుకోండి. తెల్లగా, పొడుగ్గా, తల వంచుకుని ఉంటాయి. చీకట్లో ఉన్న మొలక తాను ఇంకా మట్టి కిందే ఉన్నాననుకుంటుంది. ఉన్న తిండంతా కాండం పొడవుకే ఖర్చుపెట్టి పైకి చేరాలని చూస్తుంది. ఆకు విప్పడం, పచ్చదనం తెచ్చుకోవడం తర్వాతి పనులు. వెలుగు తగిలితేనే ఈ లెక్క మారుతుంది. వెలుగు ఒక పక్కనుంచే వస్తే అటు వంగుతుంది. చార్లెస్ డార్విన్ తన కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి గడ్డి మొలకల మీద చేసిన ప్రయోగాలను 1880లో పుస్తకంగా అచ్చువేశాడు. మొలక కొనకు చిన్న టోపీ తొడిగితే వంగలేదు, కొన వదిలి కింది భాగాన్ని కప్పితే వంగింది. వెలుగును చూసేది కొన, వంగేది దాని కింది భాగం. కొన కిందికి పంపే కబురు ఆక్సిన్ అనే హార్మోనని 1920లలో తేలింది. అది నీడ పక్కన ఎక్కువగా చేరి, అక్కడి కణాలను సాగదీస్తుంది, మొలక వెలుగు వైపు ఒరుగుతుంది.

మా వంటింటి కిటికీలో వెలుగు బాగానే ఉందని నేను అనుకోవడంలో తప్పు కంటిది. మన కంటిపాప పెద్దదవుతూ చిన్నదవుతూ సర్దుకుంటుంది కనుక గదికీ ఆరుబయటికీ తేడా అంతగా తెలియదు. వెలుతురును లక్స్‌లలో కొలిస్తే వేసవి మధ్యాహ్నం ఎండ లక్ష దాకా ఉంటుంది, దీపాలు వేసిన గదిలో మూడు నాలుగు వందలే. షికాగోలో డిసెంబరు ఆఖరున పగలు తొమ్మిది గంటల కన్నా కాస్త ఎక్కువ, అంతే. హైదరాబాదులో అదే రోజుల్లో పదకొండు గంటలు. అక్కడ అప్పుడు మిట్టమధ్యాహ్నం సూర్యుడు దిగంతం నుంచి 49 డిగ్రీల ఎత్తున ఉంటే, ఇక్కడ 25 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. దానికి తోడు మబ్బు. దక్షిణపు కిటికీ ఉన్నా సరే, అద్దం నుంచి మూడడుగులు వెనక్కి జరిపితే మొక్కకు దక్కేది చాలా తక్కువ.

మందు ఖరీదైనది కాదు. గ్యారేజీలో వేలాడదీసే మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు చాలు. మొలకలకు మూడు నాలుగు అంగుళాల ఎత్తులో, గొలుసుతో కట్టి, అవి ఎదిగేకొద్దీ పైకి జరుపుతూ రోజుకు 16 గంటలు వెలిగించాలి, మిగతా 8 గంటలు చీకటి. ట్యూబును పైకప్పుకు బిగిస్తే మళ్ళీ మొదటికే వస్తుంది, దూరం పెరిగేకొద్దీ వెలుగు తరిగిపోతుంది.

పిటూనియా లాంటి పూలకైతే గింజ దశ నుంచే వెలుగు కావాలి. దాని గింజలు గ్రాముకు దాదాపు పదివేలు తూగుతాయి, దుమ్ములా ఉంటాయి. అంత చిన్న గింజలో ఉన్న తిండితో లోతు నుంచి పైకి రావడం కుదరదు. కనుక వెలుగు తగిలేదాకా మొలవకుండా కాచుకుంటుంది. వెలుగు తగిలిందని గింజ ఎలా తెలుసుకుంటుందన్నది అమెరికాలో మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో తేలింది. 1952లో బోర్త్‌విక్, హెండ్రిక్స్, వారి సహచరులు లెట్యూస్ గింజల మీద ఒకసారి ఎర్ర కాంతి, ఒకసారి అంతకన్నా పొడవైన తరంగాల దూర ఎరుపు కాంతి, మళ్ళీ ఎరుపు, ఇలా మార్చి మార్చి పడేలా చేశారు. చివరగా పడింది ఎరుపైతే మొలిచాయి, దూర ఎరుపైతే చాలావరకు ఊరుకున్నాయి. ఎన్నిసార్లు మార్చినా లెక్కకొచ్చింది ఆఖరుదే. గింజలో ఒక మీట ఉందని, దాన్ని అటూ ఇటూ తిప్పవచ్చని అలా తెలిసింది. ఆ మీట పేరు ఫైటోక్రోమ్. పచ్చని ఆకు ఎరుపును మింగి దూర ఎరుపును వదిలేస్తుంది, కాబట్టి పెద్ద చెట్టు నీడలో పడ్డ గింజకు కూడా తన తల మీద ఎవరో ఉన్నారని తెలుస్తుంది. ఈ ప్రయోగం చదివాక పిటూనియా గింజల మీద మట్టి కప్పడం మానేశాను. తడి మట్టి మీద చల్లి, వేలితో అద్ది, దీపం కింద పెడితే చాలు. ధనియాలు అలా కాదు, అరిచేత్తో నలిపి రెండు బద్దలు చేసి అర అంగుళం లోతున వేయాలి. కొత్తిమీర వేరు కదిలిస్తే ఓర్చుకోదు, అందుకని దాన్ని పెరగబోయే కుండీలోనే వేస్తాను.

మొదట్లో వెచ్చదనం వద్దనే గింజలూ ఉన్నాయి. లావెండర్, కోన్‌ఫ్లవర్, మిల్క్‌వీడ్ తడిలో చలి తిన్నాకే బాగా మొలుస్తాయి. మిల్క్‌వీడ్ మన జిల్లేడుకు చుట్టం, అవే పాలు, అవే పట్టుకుచ్చు గింజలు. మన ఊళ్ళలో జిల్లేడాకు తిని పెరిగే నారింజ రంగు సీతాకోకచిలుకకూ, ఇక్కడ మిల్క్‌వీడ్ తిని మెక్సికో దాకా ఎగిరే మోనార్క్‌కూ కూడా దగ్గర చుట్టరికమే. శరదృతువులో రాలిన గింజ వెంటనే మొలిస్తే మంచుకు చచ్చిపోతుంది. నిద్రపుచ్చే అబ్సిసిక్ ఆమ్లం చలి వారాల్లో తగ్గి, లేపే జిబ్బరెలిన్ జోరు పెరిగాకే అది కదులుతుంది. ఇంట్లో చేయాలంటే తడి పేపర్ టవల్‌లో చుట్టి, జిప్ సంచిలో వేసి, ఫ్రిజ్‌లో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. పొట్లాంలో పొడిగా ఉంచితే ఆ చలి లెక్కలోకి రాదు.

మొలకలు ఒక్క రాత్రిలో మొదలు దగ్గర నీరుకారి ఒరిగిపోతే అది నారుకుళ్ళు. మిరప నారుమళ్ళు పెంచిన రైతులకు బాగా తెలిసిన తెగులే, పిథియం లాంటి సూక్ష్మజీవుల పని. మొలవగానే మూత తీసేయడం, నీళ్ళు పైనుంచి కాక ట్రే అడుగున పోయడం, చిన్న ఫ్యాను తిప్పడం దాన్ని దూరంగా ఉంచుతాయి. ఫ్యాను ఇంకో మేలు చేస్తుంది. గాలికి ఊగిన కాండం పొట్టిగా, లావుగా పెరుగుతుంది. తాకిడికి మొక్క ఇలా రూపు మార్చుకోవడం మీద మార్క్ జాఫ్ 1973లో పరిశోధన ప్రచురించాడు. ఫ్యాను లేకపోతే రోజూ నాలుగుసార్లు నారు మీద అరిచేయి నిమిరినా చాలు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

ఇక్కడి తోటవాళ్ళు మే 15 దాటితే మంచు భయం పోయినట్టేనని లెక్కేసుకుంటారు. బంతికి అక్కణ్ణుంచి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పిటూనియాకు పది పన్నెండు వారాలు వెనక్కి లెక్కపెట్టి గింజ వేయాలి. తులసికి ఆ తేదీ కూడా తొందరే. పది డిగ్రీల చలికే దాని కణాల పొరలు బిగుసుకుని ఆకు నల్లబడుతుంది, తులసి ఆకులు ఫ్రిజ్‌లో పెట్టిన వాళ్ళకు ఆ నలుపు తెలుసు. నాటే ముందు మన రైతులు నారుమడికి నీళ్ళు తగ్గించి నారును గట్టిపరిచినట్టే, ఇక్కడ ట్రేలను మొదటి రోజు నీడలో ఒక గంట, మర్నాడు రెండు గంటలు, అలా వారం పది రోజులు బయట తిప్పాలి. ఇంటి దీపం కింద పుట్టిన ఆకులకు మైనపు పూత పలచన, నేరుగా ఎండలో పెడితే ఒక్క పూటలో తెల్లగా మాడిపోతాయి. జూన్ చివర్లో ఒక తులసి మొక్కను దగ్గరగా చూడండి. అడుగున వెడల్పుగా, పలచగా, లేత రంగులో ఉన్న ఆకులు మార్చిలో ట్యూబులైటు కింద విప్పినవి. వాటి పైన చిన్నగా, మందంగా, ఈనెల దగ్గర కాస్త ఊదా తిరిగినవి ఎండ చూశాక వచ్చినవి.