పెద్దల పళ్ళు, పిల్లల బాధ్యత

మా ఉస్తాద్ గారు దాదాపు నలభై ఏళ్ళు పిల్లలచేత ఖుర్ఆన్ కంఠస్థం చేయించారు. వృద్ధాప్యంలో అసర్ నమాజు చేశారో లేదో ఆయనకు గుర్తుండేది కాదు. జేబులో మిస్వాక్ మాత్రం ఎప్పుడూ ఉండేది. ఒకనాడు దానిని చేతిలోకి తీసుకొని, "ఇది దేనికి బేటా?" అని అడిగారు. మా గుండె చెరువైంది.

చిగుళ్ళ వ్యాధికీ మతిమరుపు వ్యాధికీ సంబంధం ఉందని నేడు వైద్యులు చర్చిస్తున్నారు. పళ్ళపై పేరుకున్న పాచిని తొలగించకపోతే అది గట్టిపడి గారగా మారుతుంది. చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది. ఆ మార్గాన నోటిలోని క్రిములు రక్తంలో ప్రవేశిస్తాయి. అల్జీమర్స్ రోగుల మెదడులో 'పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్' అనే చిగుళ్ళ క్రిమికి చెందిన హానికర ఎంజైములు కనిపించాయని 2019లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో ఒక పరిశోధన వెలువడింది.

అయినా తొందరపడి తీర్పు చెప్పరాదు. ఆ ఎంజైములను అడ్డుకునే ఔషధాన్ని రోగులపై పరీక్షించగా, 2021లో వెల్లడైన ఫలితాలు ఆశించిన ప్రయోజనాన్ని చూపలేదు. పైగా మతి తప్పుతున్నవారు పళ్ళు తోముకోవడమే మరచిపోతారు. దానివల్లనూ చిగుళ్ళు చెడతాయి. కనుక సంబంధం ఉందనవచ్చు గానీ, ఇదే కారణమని అనలేము. రుజువు కాని దానిని రుజువైనట్లు చెప్పడం అమానత్‌కు ద్రోహం.

అయితే నోటి శుభ్రతకు మనం మతిమరుపు భయం కోసం ఆగనవసరం లేదు. దైవప్రవక్త (స) మిస్వాక్‌ను ఎంతో ప్రోత్సహించారు. సమాజానికి భారమవుతుందనే ప్రతి నమాజుకూ దానిని విధిగా చేయలేదు. కానీ గట్టిపడిన గార మిస్వాక్‌తో గానీ బ్రష్‌తో గానీ పోదు. దంతవైద్యుడే తీయాలి. స్కేలింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్నది అపోహ. గుట్కా, జర్దా, బీడీ చిగుళ్ళకు శత్రువులు. షుగర్ ఉన్నవారు మరింత జాగ్రత్త వహించాలి.

దైవప్రవక్త (స) అంతిమ ఘడియల్లో ఆయన చూపు ఒక మిస్వాక్‌పై నిలిచింది. హజ్రత్ ఆయిషా (రజి) ఆ చూపును గ్రహించి, దానిని తన పళ్ళతో మెత్తపరచి అందించారు. మతి తప్పిన మన పెద్దలు కూడా నోరు తెరచి అడగలేరు. వారు అన్నం వద్దంటే మొండితనమని విసుక్కోకండి. నోటిలో నొప్పి ఉందేమో చూడండి. కట్టుడు పళ్ళుంటే రాత్రివేళ తీసి కడగండి. రోజుకు రెండుసార్లు దగ్గరుండి పళ్ళు తోమించండి.

ఆనాడు ఉస్తాద్ గారికి మేము మాటలతో జవాబివ్వలేదు. ఎదురుగా కూర్చొని మా మిస్వాక్‌తో పళ్ళు తోముకోసాగాము. కాసేపు మమ్మల్నే చూసి, ఆయన కూడా మెల్లగా మొదలుపెట్టారు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక! ఆమీన్.