సైకిల్ రైడ్‌లో సిగ్నల్ పోయినా దారి తప్పకూడదంటే..

మొన్న మా సైకిల్ క్లబ్‌తో హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా అనంతగిరి కొండలకు బయల్దేరాను. పంక్చర్ వేసుకునేలోపు గ్రూప్ ముందుకెళ్లిపోయింది. చూస్తే సిగ్నల్ లేదు, మ్యాప్ ఖాళీ, బ్యాటరీ 11 శాతం! నీలం చుక్క మాత్రం కదులుతూనే ఉంది. ఎందుకంటే జీపీఎస్‌కి డేటా అక్కర్లేదు, శాటిలైట్ సిగ్నల్ చాలు. డేటా కావాల్సింది మ్యాప్ లోడ్ అవ్వడానికే. ఇక టవర్ కోసం వెతికి వెతికి ఫోన్ బ్యాటరీ తినేస్తుంది.

అందుకే ముందురోజే గూగుల్ మ్యాప్స్‌లో ఆ ఏరియా డౌన్‌లోడ్ చేసుకోండి. ఆఫ్‌లైన్‌లో సైకిల్ రూట్ రాదు, డ్రైవింగ్ రూట్ వస్తుంది. సిగ్నల్ పోతే ఏరోప్లేన్ మోడ్ పెట్టేయండి, ఇప్పటి ఫోన్లలో జీపీఎస్ ఆగదు.

ఆరోజు నన్ను గ్రూప్‌లో కలిపింది మాత్రం ఫోన్ కాదు, దారి చూపించిన ఓ పాలబండి అన్న!