గ్రీన్‌కార్డు రాకముందే గృహప్రవేశం

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మేము ఇల్లు కొన్నప్పుడు మావారిదీ నాదీ హెచ్1బీ వీసాయే. గ్రీన్‌కార్డు లేకపోతే అప్పు పుట్టదని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. అది నిజం కాదు. బ్యాంకుల దగ్గర గృహరుణాలు కొనే ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ సంస్థలు, చట్టబద్ధంగా ఉంటున్న వీసాదారులకు పౌరులకిచ్చే షరతులే వర్తింపజేస్తాయి. పే స్టబ్‌లు, డబ్ల్యూ-2లు, క్రెడిట్ స్కోరుతో పాటు వీసా ఆమోదాన్ని తెలిపే ఐ-797 కాగితం కూడా అడుగుతారు, అంతే తేడా.

మమ్మల్ని ఎక్కువ తిప్పింది డౌన్ పేమెంట్. గుంటూరు నుంచి నాన్నగారు పంపిన సొమ్ముకు, ఇది బహుమతేననీ తిరిగివ్వనక్కర్లేదనీ ఆయన సంతకంతో ఉత్తరం కావాలన్నారు బ్యాంకువాళ్లు. "కన్నకూతురికిచ్చినదానికీ కాగితమేనామ్మా?" అని నొచ్చుకున్నారాయన. కాగితం లేకపోతే ఆ సొమ్మును అప్పుగా లెక్కగడతారు మరి.

3.5 శాతం డౌన్ పేమెంట్‌తో ప్రభుత్వ బీమా మీద దొరికే ఎఫ్‌హెచ్‌ఏ రుణం మాత్రం 2025 మే 25 నుంచి గ్రీన్‌కార్డు లేనివాళ్లకు ఆపేశారు. ఏళ్లుగా పన్నులు కడుతున్న కుటుంబాలకు ఇది అన్యాయమే.

అసలు భయం వేరే. ఉద్యోగం పోతే హెచ్1బీవారికి సాధారణంగా మిగిలే గడువు 60 రోజులు. ఇంటి వాయిదా మాత్రం ఆగదు. టెక్సస్‌లో ఆస్తిపన్ను కూడా బరువే. అందుకే కొనబోయేవారికి నా మాట: కనీసం ఆరు నెలల వాయిదాలకు సరిపడా డబ్బు చేతిలో ఉంచుకున్నాకే సంతకం పెట్టండి.