తివాచీ మీద బీరువా ఏల ఒరుగును?

ముత్తుకూరు నుండి కృష్ణపట్నము సముద్రతీరమునకు పోవు వారికి ఒక సంగతి అనుభవములో తెలిసియే ఉండును. ఇసుకలో మోటారు సైకిలును ప్రక్క స్టాండు వేసి నిలిపి నాలుగడుగులు వేయుసరికి అది ధబ్బున పడిపోవును. బండి బరువు మారలేదు. ఎవరును దానిని నెట్టలేదు. స్టాండు కొన ఇసుకలో దిగబడినది. బండి ఆ వైపునకు ఒరిగినది. ఒరిగినకొలది స్టాండుపై బరువు పెరిగినది. బరువు పెరిగినకొలది అది ఇంకను దిగబడినది. తెలిసినవారు ముందుగనే స్టాండు క్రింద ఒక చదునైన రాయి పెట్టుదురు.

ఇదే కథ ఇంటి లోపల, తివాచీ పరచిన గదిలో, బట్టలు దాచుకొను బీరువా విషయమున జరుగవచ్చును. మన పల్లెలలో మట్టినేలలు పోయి నాపరాళ్లు వచ్చినవి, ఆపైన పాలరాతి పలకలు వచ్చినవి. ఈ గట్టి నేలలపై బీరువా కదలక నిలుచును. కాని ఏలూరు తివాచీయో, మందపాటి జంపఖానాయో పరచిన గదిలో సంగతి వేరు. మన పిల్లలు ఉద్యోగములకు పోయిన అమెరికా వంటి దేశములలో గోడ నుండి గోడ వరకు తివాచీ పరచిన గదులు సాధారణము. కనుక ఈ విషయము మనకు దూరమైనది కాదు.

వస్తువు నిలుచుటకు ఒక చిన్న నియమము కలదు. దాని బరువంతయు ఒక బిందువు వద్ద కేంద్రీకరించినట్లు భావింపవచ్చును. ఈ బిందువే గురుత్వ కేంద్రము. దాని నుండి క్రిందికి వ్రేలాడదీసిన తూకపుగుండు దారము, వస్తువు కాళ్ల మధ్యనున్న ఆధార స్థలములో పడినంతవరకు వస్తువు నిలుచును. ఆ స్థలము దాటినచో పడును. దారము ఆధారపు అంచునకు ఎంత దూరముగా ఉన్నదో, వస్తువు అంత నిబ్బరముగా ఉన్నదన్నమాట.

ఒక లెక్క వేసి చూతము. ఐదారు సొరుగులు గల ఒక బీరువా 120 సెం.మీ. ఎత్తు, 45 సెం.మీ. లోతు, బట్టలతో కలిపి 40 కి.గ్రా. బరువు ఉన్నదనుకొనుడు. గురుత్వ కేంద్రము సరిగా నడుమ, అనగా నేల నుండి 60 సెం.మీ. ఎత్తున, ముందు కాళ్ల నుండి 22.5 సెం.మీ. వెనుకగా ఉండును. బీరువాను నిలిపియుంచు బలభ్రామకము బరువును దూరముతో గుణించగా వచ్చును: 40 × 22.5 = 900 కి.గ్రా.-సెం.మీ.

ఇప్పుడు 8 కి.గ్రా. బరువున్న ఒక సొరుగును 30 సెం.మీ. ముందుకు లాగితిమి. ఇందువలన 8 × 30 = 240 తగ్గును. ఇంతలో 20 కి.గ్రా. బరువున్న ఒక పసివాడు పై సొరుగులోని బొమ్మ కొరకు క్రింది సొరుగునే మెట్టుగా చేసికొని ఎక్కినాడు. వాని బరువు ముందు కాళ్లకు 30 సెం.మీ. బయట పడినచో, పడవేయు భ్రామకము 20 × 30 = 600. మొత్తము 840. గట్టి నేలపై ఇది 900 కంటె తక్కువ. బీరువా బొటాబొటిగా నిలిచినది.

ఇదే బీరువా గోడదాక తివాచీ ఉన్న గదిలో నున్నదనుకొందము. అట్టి గదులలో తివాచీ అంచును పట్టియుంచుటకు గోడ వెంబడి మేకులు పొదిగిన సన్నని చెక్కబద్దను బిగింతురు. వెనుక కాళ్లు ఈ బద్దపైన, ముందు కాళ్లు మెత్తని భాగముపైన పడును. వెనుక వైపు 1.1 సెం.మీ. మాత్రమే ఎత్తయినదనుకొనుడు. 45 సెం.మీ. లోతునకు 1.1 సెం.మీ. వాలు అయినచో, 60 సెం.మీ. ఎత్తుననున్న గురుత్వ కేంద్రము దాదాపు 1.5 సెం.మీ. ముందుకు జరుగును. 40 × 1.5 = 60. నిలుపు భ్రామకము 900 నుండి 840కి దిగినది. అటు పిల్లవాని శరీరము కూడ ముందుకు వాలును. వాని గురుత్వ కేంద్రము 80 సెం.మీ. ఎత్తున ఉన్నచో 2 సెం.మీ. ముందుకు పోయి, మరి 40 చేరును. పడవేయునది 880, నిలుపునది 840. బీరువా పిల్లవానిపై పడును. చిటికెన వ్రేలి మందము వాలు చేసిన పని ఇది!

అంతటితో ఆగలేదు. మామూలుగా 40 కి.గ్రా. నాలుగు కాళ్లపై సమముగా పడును. ఒక్కొక్క కాలి అడుగు 5 చదరపు సెం.మీ. అయినచో పీడనము చదరపు సెం.మీ.కు 2 కి.గ్రా. పిల్లవాడు ఎక్కి, బీరువా ఒరుగుటకు సిద్ధమైన క్షణమున, 60 కి.గ్రా. మొత్తము రెండు ముందు కాళ్లపైననే పడును. పీడనము 6 కి.గ్రా.కు, అనగా మూడింతలకు పెరుగును. ముందు తివాచీ అణగును, వెనుక అణగిన తివాచీ పైకి లేచును. వాలు వాలునే పెంచును. ఇసుకలో మోటారు సైకిలు కథ మరల వచ్చినది గదా!

ఇది ఊహ కాదు. ఇట్టి ప్రమాదములలో బిడ్డలను పోగొట్టుకొనిన తల్లిదండ్రులు పట్టుదలతో కోరగా, 2022 డిసెంబరులో అమెరికాలో ఒక చట్టము చేసిరి. 2023 సెప్టెంబరు నుండి అమలైన ప్రమాణము ప్రకారము, సొరుగుల బీరువాలను పరీక్షించునప్పుడు తివాచీ ప్రభావమును కూడ లెక్కలోనికి తీసికొనవలెను. అందులకై వెనుక వైపు 0.43 అంగుళముల దిమ్మ పెట్టుదురు. అది మనము పైన తీసికొనిన 1.1 సెం.మీ.యే. సుమారు 27 కి.గ్రా. వరకు బరువుగల పిల్లల చేష్టలను దృష్టిలో నుంచుకొని ఈ పరీక్షలు ఏర్పరచిరి.

ఈ సంగతిని తరగతిలో ఒక ఇటుకతో చూపవచ్చును. 9 అంగుళముల పొడవు, 3 అంగుళముల మందము గల ఇటుకను 60 సెం.మీ. చెక్కపలకపై నిలువుగా నిలుపుడు. మందము వైపు పలక పొడవునకు సరిగా ఉండవలెను. పలక ఒక కొనను మెల్లగా ఎత్తుడు. కొన సుమారు 19 సెం.మీ. లేచుసరికి, అనగా కోణము 18 డిగ్రీలు దాటగానే, ఇటుక పడును. ఇప్పుడు పలకపై మడత పెట్టిన కంబళి పరచి, జారకుండ కట్టి, మరల చేసి కొలువుడు. పిమ్మట ఇటుక తలపై ఒక చిన్న రాయి కట్టి మూడవసారి చేయుడు. మూడు కొలతలను విద్యార్థులే పట్టికగా వ్రాసి, తేడాకు కారణము చెప్పవలెను.

ఇక నివారణోపాయములు. మొదటిది: బీరువా క్రింద తివాచీ లేకుండ చేయుట. చిన్న తివాచీ అయినచో ప్రక్కకు జరిపిన చాలును. వెనుక కాళ్లు మాత్రము తివాచీపై, ముందు కాళ్లు గట్టి నేలపై ఉండుట ఎన్నడును తగదు. వాలు ముందుకే ఉండును.

రెండవది: తివాచీ తీయ వీలుకానిచో నాలుగు కాళ్ల క్రింద ఒకే గట్టి పలక వేయుట. 80 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పు గల పలక వైశాల్యము 4000 చదరపు సెం.మీ. అప్పుడు పీడనము 2 కి.గ్రా. నుండి 10 గ్రాములకు, అనగా 200వ వంతుకు తగ్గును. బరువులెత్తు క్రేనులు మెత్తని నేలపై తమ కాళ్ల క్రింద వెడల్పాటి దిమ్మలు వేసికొనుట ఇందుకే. కాని పలక దిగబాటును తగ్గించునే గాని, ముందే ఉన్న వాలును సరిచేయదు. నీటిమట్టపు గొట్టముతో చూచి, ముందు వైపు సన్నని చెక్కపేళ్లు దూర్చి వాలు తీయవలెను.

మూడవది: బరువైన వస్తువులను అడుగు సొరుగులలో నుంచుట, ఒకసారి ఒక్క సొరుగునే తెరచుట, పిల్లల కంటికి ఆశ పుట్టించు వస్తువులను బీరువాపై పెట్టకుండుట.

అన్నింటికంటె ముఖ్యమైనది నాలుగవది: బీరువా పైభాగమును ఇనుప పట్టీతో గోడకు బిగించుట. మర సీల గోడ పూతలో కాక లోపలి ఇటుకలో పట్టుకొనవలెను. చెక్క చట్రపు గోడలలో నిలువు కర్రలో దిగవలెను. మన లెక్కలో లోటు 40 కి.గ్రా.-సెం.మీ. మాత్రమే. 120 సెం.మీ. ఎత్తున పట్టీ లాగవలసిన బలము 40ని 120తో భాగించగా కి.గ్రా.లో మూడవ వంతు! పిల్లవాడు ఎగిరి దూకినచో బలము ఎన్నో రెట్లు పెరుగును గనుక పట్టీ గట్టిదే కావలెను. అయినను, ఎత్తున పట్టుకొనిన కొద్దిపాటి బలము ఎంత పని చేయునో ఈ లెక్క చెప్పుచున్నది.

ఉపాధ్యాయులు ఈ పాఠము చెప్పిన దినమున ప్రతి విద్యార్థిని తన ఇంటిలోని బీరువా లోతు, ఎత్తు, దాని కాళ్ల క్రిందనున్న నేల తీరు వ్రాసికొని రమ్మనవలెను. చెల్లెలో తమ్ముడో ఉన్న ఇంటిలో ఆ కొలత పరీక్ష మార్కులకంటె విలువైనది.