పూడిక ఆగిన తీరం

మన ఊళ్ళో చెరువు పూడుస్తారన్న మాట పుడితే పదిమందీ పంచాయతీ ముందు చేరి నిలదీస్తారు. సింగపూరులో గ్రామ పంచాయతీలు లేవు. అయినా ఇక్కడా ఒకసారి అంత పనీ జరిగింది.

చాంగీ రేవులో పడవ ఎక్కితే పది నిమిషాల్లో పులావ్ ఉబిన్. పాత పల్లె ఇళ్ళు ఇంకా మిగిలి ఉన్న దీవి అది. దాని తూర్పు కొసన ఉంది చెక్ జావా. ఆటు వేళ నీరు వెనక్కి తగ్గితే ఇసుక తిన్నెలు, సముద్రపు గడ్డి, మడచెట్లు, నక్షత్ర చేపలు అన్నీ ఒక్కచోటే కనబడతాయి.

2001లో ఆ తీరాన్ని పూడ్చి భూమిగా మార్చే పని మొదలు కాబోయింది. సంగతి తెలిసి జనం పిల్లాపాపలతో చూడబోయారు. స్వచ్ఛంద కార్యకర్తలు అక్కడి జీవరాశిని పరిశీలించి నివేదిక ఇచ్చారు. సామాన్యులు ఉత్తరాలు రాశారు. 2002 జనవరిలో ప్రభుత్వం పూడికను వాయిదా వేసింది. 2007లో సందర్శకుల కోసం కిలోమీటరుకు పైగా కాలిబాట తెరిచారు.

అయితే ఒక్క మాట మరువరాదు. ఇది వాయిదాయే గాని రద్దు కాదు. అభివృద్ధికి ఆ దీవి అవసరం పడనంతవరకే ఈ అభయం. కనుక సభ్యులు ఈ సెలవుల్లో ఆటు వేళ చూసుకుని పిల్లలను తీసుకువెళ్ళండి. గవ్వ ఒక్కటీ ఏరవద్దని చెప్పండి. కళ్ళారా చూసినవారే రేపు అడగగలరు.