వెళ్లొస్తామంటున్న రెక్కలు

ఉగాది కోయిల గొంతు విప్పే రోజుల్లోనే, చలికాలమంతా మన చెరువుల్లో తలదాచుకున్న అతిథులు తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతాయి. వాటిని సాగనంపాలంటే ఆదివారం తెల్లవారుజామున లేవాల్సిందే.

మార్చి రెండో వారం. హైదరాబాద్ పొలిమేర దాటి ఒక మోదుగ చెట్టు కింద నిలబడ్డాం. కొమ్మల మీద ఆకన్నది లేదు, చెట్టంతా పూలే. వెలుతురు పరుచుకుంటుండగా ఒక గుంపు రివ్వున వచ్చి వాలింది. గులాబీ గోరింకలు! తల, రెక్కలు, తోక నలుపు. వీపు, పొట్ట గులాబీ. ఒక పిట్ట పూలోకి ముక్కు దూర్చి తేనె తాగి తలెత్తింది. నుదుటి మీద పసుపు పుప్పొడి, పేరంటానికి వెళ్లొచ్చి బొట్టు పెట్టించుకున్నట్టు.

మేకలు తోలుకుంటూ వచ్చిన పెద్దాయన మా పక్కనే ఆగాడు. ‘‘జొన్నచేన్ల మంచె మీద కూసోని వడిసెలతోని వీటినే కొడుతుంటిమి సారూ. ఎండలు ముదిరితే ఒక్కటి గూడ కండ్లవడది. యాడికి పోతయో!’’

‘‘మధ్య ఆసియా గడ్డి మైదానాలకు, పెద్దయ్యా. అక్కడ మిడతల్ని తిని పిల్లల్ని పెంచుతాయి. చైనాలోని షిన్‌జియాంగ్‌లో మిడతల బెడద తగ్గుతుందని వీటికి మనుషులే గూళ్లు కట్టి పెడతారు.’’

ఆయన కాసేపు చెట్టు వంకే చూశాడు. ‘‘మేం కొట్టినం, వాళ్లు ఇల్లు కట్టిన్రు’’ అన్నాడు మెల్లగా.

కొత్త రంగులు

వలస పక్షులంటే మనకు చలికాలమే గుర్తొస్తుంది. అవి వచ్చినప్పుడు వార్త, వెళ్లేటప్పుడు మౌనం. నిజానికి చూడాల్సింది వెళ్లే ముందే. జత కట్టే కాలం దగ్గరపడేకొద్దీ వాటి ఒంటికి రంగొస్తుంది. గులాబీ గోరింకది మరీ చిత్రం. కొత్త ఈకల అంచులు మట్టి రంగులో ఉండి అసలు రంగును కప్పేస్తాయి. చలికాలమంతా ఆ అంచులు అరిగి, వసంతానికి లోపలి గులాబీ బయటపడుతుంది.

పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్‌కి మాత్రం నిజంగానే కొత్త ఈకలొస్తాయి. ఏప్రిల్‌లో చెరువు బురదలో దాన్ని టెలిస్కోపులోంచి చూస్తే, పొట్ట మీద సిరా చల్లినట్టు నల్లమచ్చలు. అవన్నీ కలిసి పొట్టంతా నలుపెక్కేసరికి దాని చూపు సైబీరియా మీద ఉంటుంది. బ్లాక్ టెయిల్డ్ గాడ్విట్ మెడ ఇటుక రంగు తేలుతుంది.

దారి బత్తెం

పగటి పొద్దు పెరగడమే వాటికి ముహూర్తం. ఇక తిండి మీద పడతాయి. తిన్నది కొవ్వుగా మారి చర్మం కింద చేరుతుంది. అదే దారి బత్తెం. దూరాలు ఎగిరే ఉల్లంకి జాతుల్లో కొన్ని దాదాపు రెట్టింపు బరువెక్కుతాయి. ఆ రోజుల్లో పంజరంలో ఉంచిన వలస పక్షి సైతం రాత్రిళ్లు నిద్రపోక రెక్కలు కొట్టుకుంటుంది.

మన అతిథుల్లో చాలా వాటిది 30 దేశాల మీదుగా సాగే మధ్య ఆసియా గగన మార్గం. తల మీద రెండు నల్లచారలుండే బార్ హెడెడ్ గూస్ హిమాలయాలనే దాటుతుంది. పలుచటి గాలిలోంచి కూడా ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకునే నెత్తురు దానిది.

అందుకే ప్రయాణానికి ముందు వారాల్లో చెరువు చాలా కీలకం. ఉల్లంకులకు కావాల్సింది లోతు నీళ్లు కాదు, అంచున చీలమండ మునిగేంత నీరు, పురుగులున్న మెత్తటి బురద. అందం కోసం ఒడ్డు చుట్టూ నిలువు రాతికట్టు కడితే మిగిలేది నీళ్లే, పక్షికి కంచం పోతుంది. రాత్రిపూట నక్షత్రాల ఆనవాలుతో ఎగిరేవాటిని మన దీపాల వెలుగు దారి తప్పిస్తుంది.

సాగనంపుదాం రండి

హైదరాబాద్ వాళ్లకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువుంది. ఆంధ్రప్రదేశ్‌లో కొల్లేరు, పులికాట్ ఉన్నాయి. కొత్తవాళ్లు 1980లో మొదలైన డెక్కన్ బర్డర్స్ వంటి బృందాలతో కలిసి వెళ్లడం మేలు. మట్టి రంగు బట్టలు, ఒక బైనాక్యులర్, నీళ్ల సీసా చాలు. ఫొటో కోసం దగ్గరికెళ్లి గుంపును లేపకండి. లేచిన ప్రతిసారీ ఆ పిట్ట దాచుకున్న బత్తెంలో కొంత ఖర్చవుతుంది.

ఒక నోటుపుస్తకం కూడా ఉంచుకోండి. పక్షి వచ్చిన తేదీ రాయడం తేలిక, కనబడిన రోజే తెలిసిపోతుంది. వెళ్లిపోయిన తేదీ అలా తెలియదు. నిన్న చూసిందే చివరి చూపని ఆ రోజు ఎవరికీ తోచదు. తర్వాతి వారం మళ్లీ వెళ్లి, చెరువంతా గాలించి, లేదని రాసుకుంటేనే పోయిన వారపు తేదీకి విలువ. అందుకే ఏమీ కనబడని ఆ ఆదివారం కూడా వెళ్లండి. సాగనంపడం పూర్తయ్యేది ఆ రోజే.