వానాక్రై మన జిల్లాకూ వచ్చింది

2017 మే 12, శుక్రవారం. బ్రిటన్‌లో ఆసుపత్రుల కంప్యూటర్లు ఒక్కొక్కటే మొరాయించాయి. ఫైళ్లకు తాళం పడింది, తియ్యాలంటే 300 డాలర్ల బిట్‌కాయిన్ కట్టమని తెర మీద హెచ్చరిక. ఆ రెండు మూడు రోజుల్లోనే మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 18 పోలీసు విభాగాల కంప్యూటర్లు దెబ్బతిన్నాయని పత్రికలు రాశాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నంతో పాటు ఆ జాబితాలో మన శ్రీకాకుళం జిల్లా కూడా ఉంది.

వానాక్రై అనే ఈ దొంగ ప్రోగ్రాంకి ఎవరూ లింకు నొక్కనక్కర్లేదు. ఆఫీసులో కంప్యూటర్లు ఫైళ్లు, ప్రింటర్లు పంచుకోవడానికి విండోస్‌లో ఒక ఏర్పాటు ఉంటుంది. దాని పాత రూపంలో లోపం ఉండిపోయింది. వచ్చే సందేశానికి కేటాయించిన మెమరీ కంటే పెద్ద సందేశాన్ని తెలివిగా అల్లి పంపితే, పొంగిపొర్లిన భాగం ఆజ్ఞగా మారి నడిచేది. అలా ఒక యంత్రంలో దూరిన ప్రోగ్రాం తనే పక్క యంత్రాలను వెతుక్కునేది. ఒక్కటి చిక్కితే ఆఫీసంతా చిక్కినట్టే.

ఆ లోపాన్ని ముందే కనిపెట్టి గుట్టుగా దాచుకున్నది అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ. దాన్ని వాడుకునే సాధనం ఏప్రిల్‌లో బయటికి పొక్కింది. అయితే మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మరమ్మతు పంపేసింది. దాడికి 59 రోజుల ముందు! నింద అంతా పాత విండోస్ ఎక్స్‌పీ మీద పడింది గానీ, చిక్కుకున్న వాటిలో ఎక్కువ భాగం విండోస్ 7 యంత్రాలు. వాటికి మరమ్మతు ఉచితంగానే వచ్చింది, వేసుకోలేదు అంతే.

అప్‌డేట్ వచ్చాక జాప్యం చెయ్యడంలో ఇంకో ప్రమాదం ఉంది. పాత ఫైలునీ కొత్త ఫైలునీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ అతుకు వేశారో దొంగకు తెలిసిపోతుంది. మైక్రోసాఫ్ట్ నెలనెలా రెండో మంగళవారం, మనకు రాత్రి పదిన్నర దాటాక, మరమ్మతులు విడుదల చేస్తుంది. బుధవారం నుంచే ఆ పోలిక మొదలవుతుంది.

అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ రెండూ ఉన్న ఎచ్చెర్లలో ల్యాప్‌టాప్ కొనే పిల్లలు విండోస్ ఏ ఎడిషన్ తీసుకోవాలి? హోమ్ చాలు. ప్రోలో అదనంగా దొరికేవి డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ పూర్తి సదుపాయాలు, దూరం నుంచి ఆ యంత్రాన్ని నడిపే వీలు, ఆఫీసు నెట్‌వర్క్‌లో చేర్చే ఏర్పాటు. భద్రతా మరమ్మతులు మాత్రం రెండింటికీ ఒకే రోజు వస్తాయి. డబ్బు మిగుల్చుకోవడానికి షాపులో క్రాక్ వేయించుకుంటే మాత్రం అసలుకే మోసం. ఆ క్రాక్ చెడకుండా అప్‌డేట్లనే ఆపి పెడతారు చాలాచోట్ల.

ఎడిషన్ కన్నా నేను ముందు చూడమనేది గడువు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు మరమ్మతులు ఆగిపోయాయి. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకు 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు ఇచ్చారు. విండోస్ 11 ఉంది కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. హోమ్, ప్రోలలో ఏటా వచ్చే ఒక్కో వెర్షన్‌కు 24 నెలలే ఆయుష్షు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే మీది ఏ వెర్షనో కనిపిస్తుంది.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ర్యామ్ ఎంతని అడిగే ముందు ప్రాసెసర్ ఏ తరానిదో అడగండి. ఇంటెల్ ఏడో తరం, అంతకు ముందువి దాదాపు ఏవీ విండోస్ 11 జాబితాలో లేవు. అలాంటిది ఇప్పటికే ఇంట్లో ఉంటే పారెయ్యక్కర్లేదు, విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు వేసుకోవచ్చు. అక్కడ కూడా పేరు చివర ఎల్‌టీఎస్ అని ఉన్నదే ఎంచుకోండి. మిగతా విడుదలలకు మరమ్మతులు తొమ్మిది నెలలే. ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్‌కు 2029 దాకా ఉచితంగా వస్తాయి.